ఏడుసార్లు దొరికినవాడు

ఆ పోలీసు పేరు కెల్సో. రేణూ, ఆ పేరు తప్పు లేకుండా రాయి. మిగతాది నీకు వచ్చినట్టు రాసినా పరవాలేదు.

అప్పటికి నువ్వు పుట్టలేదు. పందొమ్మిది వందల ఎనభై ఐదు. ఫీనిక్స్ పక్కన, చుట్టూ పత్తి చేలున్న చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మీ అమ్మ నాగమణి పక్క ఊరు చాండ్లర్‌లో నర్సుగా చేసేది. మీ అమ్మమ్మ పోయాక నన్ను అక్కడికి రప్పించింది. నేను నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఆ ఊళ్లో నాకు పని దొరికింది కూడా బడిలోనే. గడ్డి కొయ్యడం, చెట్లకు నీళ్లు పెట్టడం, పిల్లలు పారేసిన డబ్బాలు ఏరడం. నాతోపాటు ఆ పని చేసినవాడు రామోన్.

రామోన్‌కి నలభై దాటాయి. ఆ ఊళ్లోనే పుట్టాడు. వాళ్ల నాన్న ఆ చేలలోనే పత్తి ఏరాడు. అయినా ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, నన్ను అడగని ప్రశ్న అతన్ని అడిగేవాళ్లు, ఏ దేశం నుంచి వచ్చావని. గడ్డి మిషన్ నడపడం నాకు నేర్పింది అతనే. నాకు వచ్చిన ఇంగ్లీషు కూడా అతని దగ్గర వచ్చిందే, అందుకే అందులో సగం బూతులు. పొద్దున్నే తన పాత ట్రక్కులో వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు. మధ్యాహ్నం నా మామిడికాయ పచ్చడి అతని రొట్టెలో పెట్టుకుని తినేవాడు.

ఇప్పుడు పువ్వుల సంగతి చెప్పాలి.

నేను రోజూ స్నానం చేసి యాదగిరి నరసింహస్వామి పటానికి పూలు పెట్టి గానీ టీ తాగను. ఆ పూలు నా చేత్తో కోసినవై ఉండాలి. మా వైపు తెల్లవారగానే ముసలివాళ్లం సంచులు పట్టుకుని బయలుదేరేవాళ్లం. ఎవరి ప్రహరీ మీద నుంచి కొమ్మ బయటికి వంగితే ఆ కొమ్మ పూలు దేవుడివి. అడిగేది లేదు. చూసినా ఎవరూ ఏమనరు, మహా అయితే మొగ్గలు వదిలెయ్యి తాతా అంటారు. ఆ ఎండల ఊళ్లో ఏ గోడ చూసినా గన్నేరే. ఎర్రవి, తెల్లవి, ఇంత పొడుగు కంచెలు కంచెలుగా. నాకు స్వామివారే నా కోసం వేయించినట్టు అనిపించింది.

కెల్సో నన్ను మొదటిసారి పట్టుకున్నది ఎనభై ఒకటిలో. కారు మీద దీపం తిప్పుకుంటూ వచ్చాడు. నా చేతిలో బ్రెడ్డు సంచి నిండా ఎర్ర గన్నేరు. ఏంటిది అన్నాడు. నేను దణ్ణం పెట్టి ఆకాశం వైపు చూపించాను. అతను నవ్వాడు.

"అవి విషం, తెలుసా? తినకు పాప్స్," అన్నాడు. పాప్స్ అంటే అక్కడ ముసలివాళ్లను పిలిచే పిలుపు.

రెండోసారి ఒక ఇంటావిడ నా మీద పైపుతో నీళ్లు కొట్టి పోలీసులకు ఫోన్ చేసింది. మళ్లీ కెల్సోనే వచ్చాడు. ఈయన మంచివాడమ్మా, ప్రార్థన కోసం కోసుకుంటున్నాడు అని ఆమెకే సర్ది చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి నాలుగు మందారాలు కోసి ఇచ్చింది. మూడు, నాలుగు, ఐదు, ఎప్పుడెప్పుడో గుర్తు లేదు. ఆరోసారి చర్చి గులాబీల దగ్గర. ఏడోసారి కారు కూడా దిగలేదు, కిటికీ దించి వేలు ఆడించి వెళ్లిపోయాడు.

నాకు గర్వంగా ఉండేది. ఎందుకు దాచాలి. మన తెలుగువాళ్లు నెలకోసారి ఒకచోట కలిసి భోంచేసేవాళ్లు. అక్కడ ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేవాణ్ని. పోలీసులు నాకు దోస్తులు అనేవాణ్ని. రామోన్‌కి కూడా చెప్పాను. అతను మిషన్ బ్లేడు సాన పెడుతున్నాడు. నవ్వలేదు.

"నీకు కాగితం ఇవ్వలేదా?" అన్నాడు.

"ఏం కాగితం?"

"టికెట్. జరిమానా చీటీ."

"ఎందుకిస్తడు? మనిషి మంచోడు."

రామోన్ బ్లేడు తిప్పి రెండో వైపు సాన పెట్టాడు. అతని మీద అప్పటికి నాలుగు కాగితాలు ఉన్నాయి. పార్కులో బీరు తాగినందుకు ఒకటి. రోడ్డు అడ్డంగా దాటినందుకు ఒకటి. ట్రక్కులో నిద్రపోయినందుకు ఒకటి. తోట బయట రాలిపడిన నారింజలు ఏరినందుకు ఒకటి. నాలుగోదానికి జడ్జి అతన్ని ప్రొబేషన్ మీద పెట్టాడు. అంటే ఇంకొక్క తప్పు దొరికితే జైలుకే. ఇది నాకు తెలుసు. అతనే చెప్పాడు. తెలిసే చేశాను.

ఎనభై ఐదు మే నెలలో నరసింహ జయంతి వచ్చింది. నూటెనిమిది పూలు కావాలి. అంతకు వారం ముందు మిషన్ తగిలి నా మోకాలు వాచింది. ఆ పొద్దున రామోన్ ట్రక్కు ఎక్కగానే, మూడో వీధిలో ఒక్క నిమిషం ఆపమన్నాను. అక్కడ ఒక ఇంటివాళ్లు చలికాలం మాత్రమే వచ్చి ఉండి ఎండలు మొదలవగానే వెళ్లిపోతారు. ఇల్లు మూసి ఉంది. గోడ లోపల తెల్ల గన్నేరు విరగబూసి ఉంది. బయటికి వంగిన కొమ్మలు నేను ఎప్పుడో ఖాళీ చేశాను.

"నువ్ జర లోపలికి దుంకి కోసియ్యి. నా కాలు లేస్తలేదు," అన్నాను.

"వద్దు యాదయ్యా. దారిలో కొట్టు తెరిచే ఉంటుంది, కొందాం."

"కొన్నయి పనికిరావు. ఐస్‌పెట్టెల పెట్టిన పూలు దేవునికి పెడతారా ఎవరన్నా?"

"నాకు వద్దు," అన్నాడు మళ్లీ.

అప్పుడు నేనన్న మాట ఇది. "గంత భయమేందిరా. నేనున్న గద. ఆ పోలీసాయన నాకు తెలిసినోడే."

రామోన్ వీధికి రెండు వైపులా చూశాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు. గోడ దూకాడు. నేను కాలిబాట మీద సంచి తెరిచి పట్టుకున్నాను, అతను కోసి గోడ మీదుగా అందించాడు. డెబ్భై దాకా లెక్కపెట్టి ఉంటాను.

పక్కింటివాళ్లెవరో ఫోన్ చేశారు. కారు వచ్చింది. కెల్సోనే దిగాడు. నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, చెయ్యి ఊపాను.

కెల్సో నా వైపు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్లి, "బయటికి రా," అన్నాడు. రామోన్ ఇవతలికి దూకి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి రెండు చేతులూ గోడకు ఆనించాడు. పువ్వులు కోసిన పాలు ఇంకా ఆ వేళ్లకు ఉన్నాయి.

"నావి. పువ్వులు నావి. దేవునికి. నేనే చెప్పిన," అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో.

"నువ్వు ఇంటికి వెళ్లు పాప్స్."

"సంచి సూడు, నా చేతిల ఉన్నది."

కెల్సో సంచి చూశాడు. దాన్ని నా చేతిలోంచే తీసుకున్నాడు. దొంగతనం సొమ్ము అని దాని మీద చీటీ అంటించి కారులో పెట్టాడు. నా చేతిలోంచి తీసుకుని రామోన్ పేరు రాశాడు. ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్లు మండుతుంది. సంకెళ్లు వేసి వెనక సీట్లో కూర్చోబెట్టేటప్పుడు రామోన్ తల కారుకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు కూడా. అంత మర్యాదస్తుడు.

ఆ సాయంత్రం నాగమణితో చెప్పాను. కోర్టుకు వెళ్తాను, చేయించింది నేనేనని చెప్తాను, నువ్వు వచ్చి ఇంగ్లీషులో చెప్పు అన్నాను. ఆమె డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు.

"నాయినా, నీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఎప్పుడు? జులైల. గుర్తుందా?"

"ఉన్నది."

"ఆ ఫామ్‌ల ఏమడుగుతరు? ఎప్పుడన్నా అరెస్ట్ అయిన్రా, ఏదన్నా క్రైమ్ చేసి దొరకకుండ ఉన్నరా అని అడుగుతరు. నువ్వు పోయి కోర్టుల నేనే దొంగతనం చేయించిన అని ఒప్పుకుంటె ఏమైతది? ఐదేండ్లు వెయిట్ చేసినం."

"నేను దొంగతనం చేసిన్నా?"

"నువ్వు అనుకోకుంటె కాదా? వాళ్ల లా ప్రకారం అది దొంగతనమే. ఎన్నిసార్లు చెప్పిన నీకు, ప్లాస్టిక్ పూలు పెట్టుకో అని."

"మరి నా మీద ఎందుకు రాయలే?"

నాగమణి బూట్లు విప్పి పక్కన పెట్టింది. "నువ్వు ముసలోనివి. గట్ల సంచి పట్టుకుని, దణ్ణం పెట్టుకుంట ఉంటవు. నిన్ను సూస్తె వాళ్లకు ముద్దొస్తది," అంది. "రామోన్‌ను సూస్తె రాదు. గంతె నాయినా. నేను చేసిన రూల్ కాదు."

కోర్టుకు రానంది. నన్నూ వెళ్లొద్దంది. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మూడో రోజు నేను కుంటుకుంటూ నడిచి పోలీసు స్టేషన్‌కి పోయాను. గంట కూర్చోబెట్టాక కెల్సో వచ్చాడు. నాకు కాగితం గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చాడు. నేను ముట్టుకోలేదు.

"నా మీద రాయి," అన్నాను.

"ఏమని?"

"ఏడుసార్లు దొరికిన. ఇది ఎనిమిది. రామోన్ నాలుగుసార్లే."

కెల్సో కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. పెద్ద నేరాలైతే వేరు. ఇలాంటి చిన్న తప్పులకు టికెట్ రాయాలా, మందలించి వదిలెయ్యాలా అన్నది ఆ చోట ఉన్న పోలీసు ఇష్టానికి వదిలారట. మనిషిని చూసి, అతని పాత లెక్క చూసి నిర్ణయించుకోవచ్చట. "నీ మీద పాత లెక్క ఏమీ లేదు పాప్స్. రామోన్ అలవాటు పడినవాడు. ఎన్ని అవకాశాలిచ్చినా మారడు."

"ఎన్ని ఇచ్చినవ్?"

అతను సొరుగులోంచి ఒక అట్ట తీసి చూపించాడు. దాని మీద నాలుగు వరసలు ఉన్నాయి. నేను ఇంగ్లీషు చదవలేను, వరసలు లెక్కపెట్టగలను.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నేనే."

"నాలుగూ?"

"నాలుగూ. ఈ వైపు డ్యూటీ నాదే."

"నా అట్ట ఏది?"

"నీకు అట్ట లేదు. మందలించి వదిలేస్తే కాగితం పెట్టం."

అప్పుడు తెలిసింది నాకు. అంత ముసలితనం వచ్చేదాకా తెలియలేదు. అతను నన్ను పట్టుకున్న ప్రతిసారీ గాలికి పోయింది, రామోన్‌ను పట్టుకున్న ప్రతిసారీ అట్ట మీద పడింది. తర్వాత అదే అట్ట చూపించి, చూడు వీడు అలవాటు పడినవాడు, ఈయన మంచివాడు అంటాడు. తాను రాసిందే తాను చదివి నమ్ముతాడు. అబద్ధమాడుతున్నట్టు కూడా లేడు. నిజంగా నమ్ముతున్నాడు. అది చూస్తే నాకు ఇంకా మండింది.

"రామోన్‌ను వదిలినా నీ ఇష్టమే గద. ఆ పొద్దుగాల వదిలితే ఎవరన్నా అడుగుదురా నిన్ను?"

"ఎవరూ అడగరు," అన్నాడు. "కానీ నువ్వొకటి అర్థం చేసుకో. గోడ దూకి లోపలికి వెళ్లాడు. ఇంకా పెద్ద సెక్షనే పెట్టొచ్చు. నేను చిన్నది పెట్టాను. అతనికి మేలే చేశాను."

"నా మీద గూడ చిన్నదే పెట్టు."

"నిన్ను తీసుకెళ్లి జడ్జి ముందు నిలబెడితే నన్ను చూసి నవ్వుతారు," అని అతనే నవ్వాడు. లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పోతూ పోతూ కాఫీ గ్లాసు అతని బల్ల మీద ఒలకబోశాను. ఆ అట్ట తడిసింది. దానికి కూడా నా మీద కేసు పెట్టలేదు. తుడుచుకున్నాడు.

కోర్టు గురువారం పొద్దున. నేను ఒక్కణ్నే బస్సెక్కి పోయాను. చిన్న గది, బల్లలు చర్చిలో లాగా ఉన్నాయి. రామోన్ జైలువాళ్లిచ్చిన నారింజ రంగు బట్టల్లో ముందు వరసలో ఉన్నాడు. గవర్నమెంటు పెట్టిన లాయరమ్మ పక్కన కూర్చుంది. చిన్నపిల్ల, చేతిలో ఇరవై ఫైళ్లు. నేను ఆమె దగ్గరికి పోయి, సాక్షిని అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇప్పుడు అవసరం లేదు, ఆయన ఒప్పుకుంటున్నాడు అంది. ఒప్పుకుంటే అరవై రోజులు. ఒప్పుకోకుండా కేసు నడిపి ఓడిపోతే ఆరు నెలలు. పాత లెక్క ఉంది కాబట్టి ఓడిపోతాడు అంది.

మళ్లీ ఆ అట్టే.

జడ్జి రామోన్ పేరు పిలిచాడు. రామోన్ లేచాడు. ఒప్పుకుంటున్నావా అంటే ఒప్పుకుంటున్నాను అన్నాడు. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను లేచి నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను.

"అయ్యా, తప్పు నాది," అన్నాను. ఆ తర్వాత ఇంగ్లీషు రాలేదు. నా నోట్లోంచి మొత్తం తెలుగే వచ్చింది. గదిలో అందరూ తిరిగి చూశారు. కోర్టు బంట్రోతు నా వైపు వస్తున్నాడు.

అప్పుడు వెనక నుంచి, "నేను ఆయన కూతుర్ని. ఆయన మాట నేను చెప్తాను," అని వినబడింది. నాగమణి. తెల్ల బట్టల్లోనే ఉంది, డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది. నా పక్కన వచ్చి నిలబడింది.

"చెప్పు నాయినా. మెల్లగ చెప్పు."

చెప్పాను. పువ్వులు నాకోసం అని, వద్దన్నా నేనే గోడ దూకించానని, సంచి నా చేతిలో దొరికిందని. ఏడుసార్లు నన్ను వదిలారని. ఇద్దరిలో పాత నేరస్థుడు ఎవరో మీరే లెక్కపెట్టండి అని. నాగమణి ఒక్కో మాటా చెప్పింది. నేరస్థుడు అన్నచోట కూడా మాట మార్చలేదు.

జడ్జి కళ్లద్దాలు తీశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మీ మీద కేసేమైనా ఉందా సార్?"

"లేదు."

"అయితే మీ విషయంలో నేను చేసేది ఏమీ లేదు. ఎవరి మీద కేసు రాయాలన్నది పోలీసు చేతిలో పని. నా ముందుకు వచ్చినదాన్నే నేను చూస్తాను. మీరు నిజాయితీపరులు. వచ్చినందుకు ధన్యవాదాలు." తర్వాత రామోన్ వైపు తిరిగి అరవై రోజులు అన్నాడు. తర్వాతి పేరు పిలిచారు.

వరండాలో రామోన్‌ను తీసుకెళ్తుంటే అడ్డం వెళ్లాను. కాపలావాడు ఒక నిమిషం ఆగాడు, నేను ముసలివాణ్ని కాబట్టి. రామోన్ చేతులు ముందుకు కట్టి ఉన్నాయి.

"నాకు తెల్వదు రామోన్. నన్ను వదిలినట్టే నిన్ను గూడ వదులుతడు అనుకున్న."

"నాకు తెలుసు," అన్నాడు రామోన్. "నువ్వు నా మాట వినలేదు. రెండుసార్లు చెప్పాను నీకు."

"మరి ఎందుకు దూకినవ్?"

"నువ్వు భయమా అని అడిగావు." అతను నా మీద అరవలేదు. కానీ నా వైపు చూడటం కూడా మానేశాడు. "బడిలో సూపర్‌వైజర్‌కి చెప్పు, సోమవారం నుంచి వేరేవాణ్ని చూసుకోమని. ఆ వీధిలో ఆగిపోయిన ట్రక్కు మా చెల్లెలికి అప్పజెప్పు." ముందుకు నడిచాడు.

నేను అక్కడే నిలబడ్డాను. నాగమణి నా మోచెయ్యి పట్టుకుంది. అదే తలుపులోంచి కెల్సో వచ్చాడు, టోపీ చంకలో పెట్టుకుని. నన్ను చూసి ఆగాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి మనసు నీది పాప్స్. స్నేహితుడి కోసం నిలబడ్డావు," అన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా రామోన్ నేర్పినదే. అందులో ఈ పనికి సరిపడే మాటలు చాలా ఉన్నాయి. కానీ అవేవీ చాలవనిపించింది. తెలుగులోనే చెప్పాను, అరవకుండా, అతని చెయ్యి నా భుజం మీద ఉండగానే. కెల్సో తల ఊపుతూ విన్నాడు. దీవిస్తున్నానని అనుకున్నట్టున్నాడు. మొహం నిండా నవ్వే.

"ఏమంటున్నాడు?" అని నాగమణిని అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. జులైలో ఇంటర్వ్యూ ఉంది. అతను ఆ ఊరి పోలీసు, రేపు మళ్లీ మా వీధిలోనే తిరుగుతాడు. ఆయన మీకు థ్యాంక్స్ చెప్తున్నాడు అంటే సరిపోయేది. అలా అన్నా నేను తప్పు పట్టేవాణ్ని కాదు.

"మా నాన్న ఏమంటున్నాడంటే," అంది నాగమణి, "చెయ్యి తియ్యి. ఆ చేత్తో నువ్వు నన్ను వదిలిన ప్రతిసారీ అతని మీద ఒకటి రాశావు. నీ మంచితనం చూసి నేను ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను, అది నమ్మి నా దోస్తును నీ చేతికి ఇచ్చాను. నువ్వు మంచివాడివి కాదు. ఎవరి దగ్గర మంచిగా ఉండాలో ఏరుకునేవాడివి. ఇకమీదట నన్ను చూస్తే టికెట్ రాయి, లేకపోతే కారు ఆపకు." కొంచెం ఊపిరి తీసుకుంది. "చివర్లో ఒక తిట్టు కూడా ఉంది. దానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు. మీ అమ్మ గురించి కాదులే, నీ గురించే."

కెల్సో చెయ్యి తీశాడు. టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాగమణి కారు తాళాలు కింద పడేసుకుంది. వంగి తీసి నా చేతికి ఇచ్చాను.

"పద నాయినా," అంది. "రామోన్ చెల్లెలి ఇల్లు ఎక్కడో నీకు తెలుసా?"